రెయిన్‌బో వారియర్ ఎక్కి చూసొచ్చాం (ఆక్లాండ్ నుంచి)

కివి గోంగూర
13 జులై 2025, రాత్రి 9:12

పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ళ ఓడ రెయిన్‌బో వారియర్ మా ఊరొచ్చింది. ఇదే పేరున్న వాళ్ళ మొదటి ఓడని 1985 జులై 10న ఇదే ఆక్లాండ్ హార్బర్‌లో బాంబులు పెట్టి ముంచేశారు. దానికి ఇప్పటికి 40 ఏళ్ళు. ఈ వారాంతం జనాన్ని ఓడ ఎక్కి చూడనిస్తున్నారని తెలిసి మా తొమ్మిదేళ్ళ వాడిని తీసుకెళ్ళాను.

జులై అంటే ఇక్కడ చలికాలం. సన్నగా తుంపర, చెవులు కోసే గాలి. లైన్లో నిలబడ్డంతసేపూ మావాడిది ఒకటే ప్రశ్న: "అమ్మా, మనం ఎక్కాక కదిలిపోతే?" మెట్ల వంతెన దగ్గర ఒక వాలంటీరు అమ్మాయి అది విని, "కదిలితే నీకు వంటగదిలో డ్యూటీ వేస్తాం" అంది. వాడు నిజంగానే భయపడ్డాడు.

లోపల కెప్టెన్ గదిలో సినిమాల్లోలాగా పెద్ద చెక్క చక్రం ఉంటుందనుకున్నాడు. చిన్న మీటలు, చుట్టూ తెరలు కనిపించేసరికి నీరసపడ్డాడు. వంటగది మాత్రం బాగా నచ్చింది. పొయ్యి మీద గిన్నెలు జారకుండా చుట్టూ ఇనప కడ్డీలు, బల్లలకి అంచుల్లో గట్టు. "ఇక్కడ ఉప్మా చేస్తే కింద పడదు" అని తేల్చేశాడు.

నాకు నచ్చింది తెరచాప కొయ్య. మనం ఒక్క స్తంభం అనుకుంటాం కదా, దీనికి రెండు కాళ్ళున్నాయి. గోడలకి సున్నం వేసేవాళ్ళు విడదీసి నిలబెట్టే నిచ్చెనలా ఉంది. ఎందుకలా అని అడిగితే ఒకాయన ఏదో చెప్పాడు గానీ గాలిలో సగం కొట్టుకుపోయింది. ఓడల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారా?

డెక్ మీద బోర్డులన్నీ సముద్రం గురించే. అడుగు దాకా వలలు ఈడ్చే వేట ఆపాలని, సముద్ర గర్భంలో ఖనిజాల తవ్వకం మొదలుపెట్టొద్దని. ఎవరూ మీద పడి సంతకం పెట్టమనలేదు. పెడితే పెట్టొచ్చు, అంతే.

సెకండ్ ఇంజినీర్
13 జులై 2025, రాత్రి 11:47

అక్కా, నేను పదకొండేళ్ళుగా ట్యాంకర్ల మీద పనిచేస్తున్నాను. ఆ నిచ్చెన సంగతి చెప్తాను.

ఒంటి కొయ్య నిలబడాలంటే నాలుగు వైపులా ఉక్కు తాళ్ళతో లాగి కట్టాలి. అవి డెక్ నిండా అడ్డం. రెండు కాళ్ళ కొయ్య తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. తాళ్ళు తక్కువ, డెక్ ఖాళీ, పైగా ఎక్కువ చాప మోయగలదు. ఓడ పొడవు 58 మీటర్లు, కొయ్యల ఎత్తు 50 మీటర్ల పైమాటే. చాపలు అయిదు. అన్నీ విప్పితే 1,250 చదరపు మీటర్లు దాటుతాయి. మన లెక్కలో 30 సెంట్ల స్థలం గాలిలో నిలబెట్టినట్టు.

2011లో జర్మనీలో ఫాస్మర్ యార్డులో తయారైంది. ముందున్న రెండు రెయిన్‌బో వారియర్లూ పాత బోట్లే (మొదటిది చేపల పరిశోధన బోటు, రెండోది చేపల బోటు), కొని మార్చుకున్నారు. తమ కోసమే కొత్తగా కట్టించుకున్నది ఇదే. డబ్బు కోసం ఓడ భాగాలని ఒక్కొక్కటిగా వెబ్‌సైట్‌లో పెట్టి దాతల చేత కొనిపించారు. మన దగ్గర గుడి మెట్ల మీద, ఫ్యాన్ల మీద దాతల పేర్లు రాయించే పద్ధతే.

నాకు ముచ్చటేసేది ఇంజిన్ రూమ్. గాలి ఉంటే ఇంజిన్ ఆపేస్తారు. లేకపోతే డీజిల్‌తో కరెంటు తీసి దాంతో నడుపుతారు. ఇంజిన్ వేడితో స్నానాలకి నీళ్ళు కాస్తారు. మురుగు సముద్రంలోకి వదలకుండా ట్యాంకుల్లో పట్టి ఉంచుతారు. మా ట్యాంకర్లో వేడి నీళ్ళు కూడా ఇంజిన్ వేడితోనే, అది కొత్తేం కాదు. కానీ గాలి వీస్తుంటే ఇంజిన్ ఆపే సుఖం మాకు లేదు. మెయిన్ ఇంజిన్ ఆగిందంటే మాకు ముచ్చెమటలే.

అరిసెలు
14 జులై 2025, ఉదయం 7:05

ఆక్లాండ్‌లో గోంగూర దొరుకుతుందా అండీ? వచ్చే నెల మా అమ్మాయి అక్కడికి వస్తోంది.

పాత పేపర్లు
14 జులై 2025, ఉదయం 8:30

ఆ బాంబుల వార్త వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. గుంటూరులో స్కూల్లో పనిచేసేవాణ్ణి. పిల్లలకి జనరల్ నాలెడ్జి చెప్పడానికి పేపర్లు కత్తిరించి అట్టలకి అంటించేవాణ్ణి.

ఫ్రాన్సు పసిఫిక్‌లో మురురోవా దగ్గర అణుపరీక్షలు చేస్తోంది. దానికి అడ్డం వెళ్ళాలని ఆ మొదటి ఓడ సిద్ధమవుతోంది. ఫ్రెంచి గూఢచారి సంస్థ వాళ్ళు రాత్రిపూట నీళ్ళలో ఈదుకెళ్ళి ఓడ అడుగున రెండు బాంబులు అమర్చారు. మొదటిది పేలాక దాదాపు అందరూ దిగిపోయారు. ఫెర్నాండో పెరీరా అనే ఫోటోగ్రాఫరు కెమెరాల కోసం లోపలికి వెళ్ళాడంటారు. రెండోది పేలి ఓడ మునిగి, అతను ఊపిరాడక పోయాడు. 35 ఏళ్ళు.

దొరికిపోయిన తీరు విచిత్రం. ఆ ప్రాంతంలో పడవల్లో దొంగతనాలు జరుగుతున్నాయని ఒక బోట్ క్లబ్బు దగ్గర కాపలా కాస్తున్న మామూలు జనం, చీకట్లో ఒక వ్యాను దగ్గర ఏదో సామాను చేతులు మారడం చూసి నంబరు రాసుకున్నారు. అద్దె వ్యాను. దాన్ని తిరిగి ఇవ్వడానికి వెళ్ళిన జంటని పోలీసులు పట్టుకున్నారు. స్విట్జర్లాండ్ నుంచి హనీమూన్‌కి వచ్చామన్నారు. ఇద్దరూ ఫ్రెంచి సైన్యం ఆఫీసర్లే. సెప్టెంబరులో ఫ్రాన్సు రక్షణ మంత్రి ఎర్నూ రాజీనామా చేశాడు, ప్రధాని ఫాబియస్ తమ వాళ్ళ పనేనని ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరికీ పదేళ్ళ శిక్ష పడింది. ఒప్పందం చేసుకుని మూడేళ్ళు ఒక దీవిలో ఉంచుతామని తీసుకుపోయి, ఆ మూడేళ్ళూ కూడా నిండనివ్వకుండా ఇంటికి పిలిపించుకున్నారు. అది చదివి స్టాఫ్ రూములో మా హిందీ మాస్టారు టీ గ్లాసు బల్ల మీద కొట్టాడు, ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది.

ఇంకో మాట. అంతకుముందే గ్రీన్‌పీస్ ఆక్లాండ్ ఆఫీసులో ఒక ఫ్రెంచి గూఢచారిణి వాలంటీరుగా చేరి కబుర్లన్నీ చేరవేసింది. తలుపు తీసి పెట్టుకున్నందుకు అంత నష్టపోయినవాళ్ళు, అదే ఊళ్ళో మళ్ళీ తలుపు తీసి "రండి, చూడండి" అంటున్నారు. అమ్మా, మీ అబ్బాయి ఆ మెట్లు ఎక్కాడంటే నాకు అదే తోచింది.

కివి గోంగూర
14 జులై 2025, ఉదయం 10:02

మాస్టారూ, మీరు రాసింది మావాడికి చదివి వినిపించాను. వ్యాను నంబరు రాసుకున్నవాళ్ళ దగ్గర మూడుసార్లు ఆపించాడు. పొద్దున స్కూలుకి వెళ్తూ మా వీధిలో ఆగిన ప్రతి బండి నంబరూ రాసుకున్నాడు.

అరిసెలు గారూ, గోంగూర గురించి మెసేజ్ పెడతాను. ఇక్కడ రాస్తే నిర్వాహకులు కోప్పడతారు.

నిలదీస్తా
14 జులై 2025, మధ్యాహ్నం 1:20

అందరూ భజన చేస్తున్నారు కాబట్టి ఒక్కడినైనా అడుగుతాను. ఇదే సంస్థ బంగారు బియ్యానికి (విటమిన్ ఎ కోసం జన్యువులు మార్చిన వరి) అడ్డుపడుతోందని 2016లో వందమందికి పైగా నోబెల్ గ్రహీతలు ఉత్తరం రాశారు. 2014లో పెరూలో నాస్కా గీతల (ఎడారి నేల మీద ప్రాచీన కాలపు భారీ బొమ్మలు) దగ్గర బ్యానరు పరవడానికి వెళ్ళి, వందల ఏళ్ళుగా ఎవరూ అడుగు పెట్టని చోట కాలి గుర్తులు మిగిల్చి వచ్చి క్షమాపణ చెప్పుకున్నారు. 2015లో మన కేంద్ర ప్రభుత్వం గ్రీన్‌పీస్ ఇండియాకి విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. ఈ మార్చిలో అమెరికాలో ఒక పైప్‌లైన్ కేసులో జ్యూరీ 66 కోట్ల డాలర్లు కట్టమంది.

ఓడ అందంగా ఉంటే సరిపోతుందా? పిల్లల్ని ఎక్కించి ఫోటోలు తీయించడం పబ్లిసిటీ కాదా?

సెకండ్ ఇంజినీర్
14 జులై 2025, సాయంత్రం 6:41

పబ్లిసిటీయే. కాదని వాళ్ళూ అనరు. నౌకాదళ దినోత్సవానికి విశాఖలో యుద్ధనౌకలు ఎక్కిస్తారు, అదీ పబ్లిసిటీయే. చిన్నప్పుడు అలా ఎక్కే నేను ఈ లైనులోకి వచ్చాను.

నాస్కాకి మించిన తప్పు ఒకటుంది, మీ లిస్టులో లేదు. రెండో రెయిన్‌బో వారియర్‌ని 2011లో బంగ్లాదేశ్‌లో ఒక స్వచ్ఛంద సంస్థకి ఇచ్చారు. రొంగ్‌ధొను అని పేరు మార్చి, ఆసుపత్రి ఓడగా నడిపారు. వాళ్ళ భాషలో ఇంద్రధనుస్సే. అంతవరకు బ్రహ్మాండం. ముసలిదయ్యాక 2018లో చిట్టగాంగ్ ఒడ్డున ఇసుక మీదికి ఎక్కించి ముక్కలు చేయడానికి పంపేశారు. అలా ఒడ్డు మీద ఓడలు విరగ్గొట్టడం ఆపాలని ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నదీ ఈ సంస్థే. తప్పు జరిగిందని బయటికి ఒప్పుకున్నారు.

ఆ యార్డుల మాట మా నావికులకి తెలుసు. పోటు సమయంలో ఓడని ఫుల్ స్పీడులో ఒడ్డుకి కొట్టించి, పాటు వచ్చి నీళ్ళు తీశాక మనుషులు గ్యాస్ కట్టర్లు పట్టుకుని ఎక్కుతారు. కింద మెత్తటి బురద, నూనె. పైనుంచి ఇనప పలక ఎటు పడుతుందో ఎవరికీ తెలియదు.

పాత పేపర్లు
14 జులై 2025, రాత్రి 7:55

నిలదీస్తా గారూ, నిలదీయడం మంచిదే. మీరు చెప్పిన 2015లోనే ఇంకోటి జరిగింది. జనవరిలో ఆ సంస్థ కార్యకర్త ప్రియా పిళ్ళైని ఢిల్లీలో లండన్ విమానం ఎక్కకుండా దించేశారు. మార్చిలో ఢిల్లీ హైకోర్టు అది చెల్లదని చెప్పింది. రెండూ కలిపి చదువుకుంటే బావుంటుంది.

అసలు మొదటి ఓడ బాంబులకి రెండు నెలల ముందు చేసిన పని ఎవరూ చెప్పుకోరు. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద రొంగెలాప్ దీవి మీద పడింది. పిల్లలు దాన్ని పౌడరులా ఒంటికి రాసుకుని ఆడుకున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా జబ్బులు తగ్గకపోతే, మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్ళండని ఆ దీవి వాళ్ళే అడిగారు. 1985 మే నెలలో ఈ ఓడ కొన్ని ట్రిప్పులు వేసి సుమారు 300 మందిని, వాళ్ళు విప్పదీసుకున్న ఇళ్ళ దూలాలతో, రేకులతో సహా వేరే దీవికి చేర్చింది. ఆ ఫోటోలు తీసినవాడు పెరీరా.

నిలదీస్తా
14 జులై 2025, రాత్రి 8:30

రొంగెలాప్ సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటాను. బంగారు బియ్యం మీద మాత్రం నా మాట నాదే.

నిర్వాహకుడు
14 జులై 2025, రాత్రి 9:00

బియ్యానికి వేరే థ్రెడ్ ఉంది. గోంగూరకి కూడా. ఇక్కడ ఓడ, సముద్రం మాత్రమే.

భీమిలి బుల్లోడు
15 జులై 2025, తెల్లవారుజాము 12:35

నిద్ర పట్టక ఇదంతా చదివాను. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, మా ఇంట్లో మాత్రం మూడు తరాలుగా వేట. మా బాబాయి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్ళు మరబోటు సరంగు (బోటు నడిపేవాడు). గోంగూర అక్కా, ఆ బోర్డుల మీద అడుగు దాకా ఈడ్చే వల ఆపాలని రాసి ఉందన్నారు కదా, అది చదివినప్పుడు మాకు గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. ఆ వల మాదే.

అది తప్పు అంటే నేను కాదనను. ఎనిమిదో తరగతి సెలవుల్లో ఏడిచి గోల చేసి బాబాయితో బోటెక్కాను. రెండు రోజులు వాంతులే. మూడో రోజు రాత్రి వల పైకి తీస్తుంటే అందులో రెండు తాబేళ్ళు. వల ఒకసారి వేశాక రెండు మూడు గంటలు ఈడుస్తాం, తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి, లోపల ఇరుక్కుంటే అంతే సంగతులు. ఒకటి చచ్చిపోయింది. రెండోది కొనవూపిరితో ఉంది. బాబాయి దాన్ని తల కిందకి ఉండేలా ఏటవాలుగా పెట్టి, తడి గోనె కప్పి కూర్చున్నాడు. కలాసీలు ఎవరూ మాట్లాడలేదు. మాకు తాబేలంటే శ్రీకూర్మం సామి. గంటకో ఎంతకో అది ముందుకాలు ఆడించింది. అప్పుడు డబ్బాలోంచి పసుపు తీసి వీపు మీద రాసి, దండం పెట్టి, ఇద్దరు పట్టుకుని నీళ్ళలోకి వదిలారు. వదిలాక మళ్ళీ అదే వల, అదే నీళ్ళలో వేశారు. వేయకపోతే డీజిల్ డబ్బులు ఎవడిస్తాడు?

చచ్చిన దాన్ని కూడా దండం పెట్టే వదిలారు. అది పొద్దున ఏదో బీచ్‌కి కొట్టుకొచ్చి ఉంటుంది. దాని ఫోటో పేపర్లో చూసి "మత్స్యకారుల నిర్లక్ష్యం" అని చదువుకుని ఉంటారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మాకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. మేం ఆపుతాం. ఈ ఏడాది ప్రభుత్వం కుటుంబానికి 20 వేలు ఇచ్చింది, మంచిదే. సముద్రాన్ని కాపాడటమంటే మాకు ఏటా రెండు నెలలు పస్తు లెక్క. ఒకసారి ఒక సంస్థ వాళ్ళు మా పేటకి వచ్చి మైకు పెట్టి రెండు గంటలు సముద్రం అంటే ఏంటో మాకు చెప్పారు. పులిహోర పొట్లాలిచ్చి, మా అమ్మమ్మ చేత ప్లకార్డు పట్టించి ఫోటో తీసుకున్నారు. అది ఇంగ్లీషులో ఉంది. ఏం రాసి ఉందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

అందుకే అడుగుతున్నా. ఆ ఓడ విశాఖ వస్తే మా వాళ్ళని ఎక్కనిస్తారా, లేక మా బోటు ముందు అడ్డంగా నిలబెడతారా?

చెన్నపట్నం చిట్టి
15 జులై 2025, ఉదయం 9:48

బుల్లోడు అన్నా, పసుపు రాసిన దగ్గర కాసేపు ఆగిపోయాను.

నేను చెన్నైలో సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఈ జనవరిలో ఇక్కడి బీచ్‌లకి వందల కొద్దీ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కళేబరాలు కొట్టుకొచ్చాయి. నీలాంకరై దగ్గర పొద్దున్నే టేపు పట్టుకుని కొలతలు తీసేవాళ్ళం. కొన్నిటి కడుపులో గుడ్లు. వాసన బట్టల్లోంచి నాలుగు రోజులు పోదు.

మీరు చెప్పిన సమస్యకి ఒక సాధనం ఉంది. ట్రాల్ వల (అదే, మీరు ఈడ్చే వల) సంచికి ముందు ఒక కమ్మీల చట్రం కడతారు, దాని పక్కన వలకి ఒక కన్నం. రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, జారి కన్నంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి తగ్గట్టు ఒకటి తయారు చేసింది. బోటు వాళ్ళ అభ్యంతరం ఒకటే, కన్నంలోంచి తాబేలుతో పాటు పెద్ద చేప కూడా పోతుందని. పోతుంది కూడా, కొంత. అది లేదనే 2019 నుంచి మన దేశంలో సముద్రంలో పట్టిన రొయ్యలు కొనడం అమెరికా ఆపేసింది. ఆంధ్రా నుంచి పోయేది ఎక్కువగా చెరువు రొయ్య కాబట్టి భీమవరంలో ఎవరికీ నొప్పి తెలియలేదు. దెబ్బ పడింది మీ బాబాయిలాంటి వాళ్ళకే.

ఇక ఆ ఓడ. వాళ్ళు ఎక్కువగా గొడవపడేది ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్ళు దాటాక ఉండే సముద్రం గురించి. అది ఏ దేశానిదీ కాదు. భూమి ఉపరితలంలో దాదాపు సగం. అక్కడ చేపలకి ఒక కమిటీ, ఓడలకి ఇంకో సంస్థ, అడుగున ఖనిజాలకి మరొకటి. మొత్తంగా "ఇక్కడ ఎవరూ ఏమీ చేయకూడదు" అని ఒక చోటుని కాపాడే చట్టం లేదు. 2023 జూన్‌లో ఐక్యరాజ్య సమితి ఒక ఒప్పందం ఖాయం చేసింది. 60 దేశాలు అధికారికంగా ఆమోదిస్తే అమల్లోకి వస్తుంది, ఇంకా కొన్ని తక్కువ. మన దేశం 2024 సెప్టెంబరులో సంతకం పెట్టింది, ఆమోదం ఇంకా లేదు.

ఖనిజాల తవ్వకం మీద మాత్రం మన వాళ్ళకీ ఈ ఓడ వాళ్ళకీ ఎదురెదురు. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర లోహపు ముద్దల అన్వేషణకి ఇండియాకి అనుమతి ఉంది. బంగాళాదుంపలంత నల్లటి ముద్దలు, అడుగున పరిచినట్టు ఉంటాయి. ల్యాబులో ఒకటి చేత్తో పట్టుకున్నాను. అంత పెరగడానికి పదుల లక్షల ఏళ్ళు పడుతుంది. మా డిపార్ట్‌మెంట్‌లోనే సగం మంది తవ్వాలంటారు, సగం మంది వద్దంటారు. నేనెటో ఇక్కడ రాయను, థీసిస్ సబ్మిట్ చేయాలి.

నిలదీస్తా
15 జులై 2025, ఉదయం 10:15

చిట్టి గారూ, ఆ చివరి వాక్యం చాలు, మీరెటో తెలిసిపోయింది.

సెకండ్ ఇంజినీర్
15 జులై 2025, మధ్యాహ్నం 2:30

బుల్లోడూ, నీకో సంగతి. వీళ్ళ మొట్టమొదటి ప్రచార ఓడ చేపల బోటే తమ్ముడూ. 1971 సెప్టెంబరులో కెనడా వాంకూవర్ నుంచి అలాస్కా వైపు అణుపరీక్షకి అడ్డం వెళ్ళడానికి ఫిల్లిస్ కార్మాక్ అనే బోటుని అద్దెకి తీసుకున్నారు. అక్కడి దాకా చేరలేకపోయారు, తీరరక్షక దళం దారిలోనే ఆపింది. సరంగుకి చేపలు సరిగా పడక అప్పుడు డబ్బు అవసరంగా ఉందట, అద్దెకి ఒప్పుకున్నాడు.

భీమిలి బుల్లోడు
15 జులై 2025, మధ్యాహ్నం 2:41

డబ్బు లేని సరంగు. ఇప్పుడు నమ్ముతాను, నిజం చేపల బోటే.

ఉప్పుటేరు
15 జులై 2025, రాత్రి 8:12

మన ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా, 2002 నుంచి మ్యూజియం. మా పిల్లలు అయిదుసార్లు ఎక్కారు. తల వంచుకుని ఒక గది నుంచి ఇంకో గదిలోకి దూరడం వాళ్ళకి ఎంత చెప్పినా చాలదు. దాని నుంచి కాస్త దూరంలోనే అటవీ శాఖ వాళ్ళు తాబేలు గుడ్లు ఏరి పొదిగిస్తారు, పిల్లల్ని నీళ్ళలోకి వదిలే రోజున జనం వస్తారు. సబ్‌మెరైన్‌కి టికెట్ లైను, తాబేళ్ళకి నలుగురు. ఈ ఓడ లాంటిదేదో ఆ రెంటికీ మధ్యలో ఆగితే బావుంటుంది.

2020లో వాయుగుండం గాలికి టెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ "మా" ఒడ్డెక్కింది గుర్తుందా? ఊరు ఊరంతా సెల్ఫీలకి పోయింది. ఖాళీగా ఇరుక్కుపోయిన సరుకు ఓడకే అంత జనమొస్తే, నిజంగా పిలిచే ఓడకి ఎంతమంది రారు.

కివి గోంగూర
16 జులై 2025, ఉదయం 6:55

బుల్లోడు తమ్ముడూ, నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అక్కడ నేను చూసినంతలో లైన్లో రబ్బరు బూట్లు, నూనె మరకల జాకెట్టుతో ఒక పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా చేపల బోట్ల మీదే పనిచేశానని చెప్పాడు. ఓడలో అందరికన్నా ఎక్కువసేపు విన్చ్ (తాళ్ళు చుట్టే యంత్రం) దగ్గరే నిలబడి, గ్రీజు వేలితో తీసి వాసన చూశాడు. ఒక కుర్రాడితో మాట్లాడటం మొదలుపెట్టి వాదన దాకా వెళ్ళారు. ఆయన చెయ్యి ఊపుతున్నాడు, కుర్రాడు తల అడ్డంగా తిప్పుతున్నాడు. మేం దిగేటప్పటికి ఇద్దరూ టీ కప్పులు పట్టుకుని ఇంకా అదే వాదన.

పేటలో ఆ ప్లకార్డు మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాను. అమ్మమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు.

చెన్నపట్నం చిట్టి
20 సెప్టెంబరు 2025, ఉదయం 8:20

ఈ థ్రెడ్ మళ్ళీ పైకి తెస్తున్నాను. నిన్న మొరాకోతో 60 దేశాలు పూర్తయ్యాయి! 120 రోజులు గడిచాక, 2026 జనవరి 17న, ఆ ఒప్పందం చట్టమవుతుంది. ల్యాబులో స్వీట్లు పంచాను. మా గైడు గారు "ఇండియా ఆమోదించాక పంచవమ్మా" అన్నారు, తిన్నారు కూడా.

నిలదీస్తా
20 సెప్టెంబరు 2025, ఉదయం 11:05

అభినందనలు. అమలు చేసే పోలీసు ఎవరో కూడా తేలాక నేనూ పంచుతాను.

భీమిలి బుల్లోడు
21 సెప్టెంబరు 2025, రాత్రి 10:18

ఇంటికి వచ్చాను. గోంగూర అక్క మెసేజ్‌లో పంపిన ఫోటోలన్నీ బాబాయికి ఫోన్లో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశాడు. ముందు కొన నుంచి వెనక హెలికాప్టరు దిగే చోటు దాకా రెండుసార్లు తిరిగాక, "ఇంత ఓడలో వల ఎక్కడా లేదేంట్రా" అన్నాడు. లేదు బాబాయ్, వీళ్ళు పట్టరు అన్నాను. "మరి సముద్రంలోకి ఎందుకు పోతారు?" అని, నేను చెప్పేలోపే తర్వాతి ఫోటోకి పోయాడు.

తాబేళ్ళ చట్రం గురించి చిట్టి రాసింది కూడా చదివి వినిపించాను. కన్నం ఎంత వెడల్పు, ఏ వైపు, వల చుట్టినప్పుడు చట్రం డ్రమ్ము మీద ఎలా కూర్చుంటుంది అని మూడు ప్రశ్నలు అడిగాడు. నాకు ఒక్కటీ తెలీదు. చిట్టీ, నీకు తెలిస్తే ఇక్కడ తెలుగులో రాయి, ఆయనకి చూపిస్తాను.

ఇంకోటి. అక్కా, ఓడ పక్కన వేలాడుతున్న రబ్బరు పడవకి ఇంజిన్ ఎన్ని హార్స్‌పవరో కనుక్కోమన్నాడు. మా నాటు పడవకి వేసుకునేదానికన్నా చాలా పెద్దదిగా ఉందట.

కివి గోంగూర
22 సెప్టెంబరు 2025, ఉదయం 7:30

అడగలేదు తమ్ముడూ. మావాడు ఆ పడవ పక్కన నిలబడిన ఫోటో ఇంకోటి ఉంది, ఇంజిన్ మూత మీద అంకెలు కనపడుతున్నాయి. పెద్దది చేసి పంపుతున్నాను. బాబాయి గారినే చూసి చెప్పమను.

చెన్నపట్నం చిట్టి
22 సెప్టెంబరు 2025, ఉదయం 9:10

అన్నా, చట్రం కొలతలు కొచ్చిలో నా స్నేహితురాలిని అడిగి బొమ్మ గీసి పెడతాను. డ్రమ్ము సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. మీ బోటులో వల ఎలా చుడతారో బాబాయి గారిని ఒక వీడియో తీసి పంపమంటావా?

భీమిలి బుల్లోడు
22 సెప్టెంబరు 2025, మధ్యాహ్నం 1:02

రేపు తెల్లారుజామున బోటు వస్తుంది. తీసి పెడతాను.